ఇంటి గదిలో వ్యాయామశాల: చందా కట్టి చేరే ఆన్‌లైన్ తరగతులు



ఒకప్పుడు మన ఊళ్లలో వ్యాయామం నేర్చుకోవాలంటే తాలింఖానాకు వెళ్లేవారు. మట్టి పరిచిన గోదా, మూలన కర్రసాము కర్రలు, బరువు రాళ్లు. గురువుగారు ఎదురుగా నిలబడి దండీలు, బస్కీలు తీయించేవారు. వీపు వంకరగా వంగితే అక్కడికక్కడే సరిచేసేవారు. ఇప్పుడు మీలో కొందరు అదే పనిని పడకగదిలో, మంచానికి బీరువాకు మధ్య ఉన్న ఆరడుగుల చోటులో, గోడకు ఆనించిన సెల్‌ఫోన్ ముందు చేస్తున్నారు. గురువు ఎక్కడో బెంగళూరులోనో న్యూయార్క్‌లోనో ఉంటారు. నెలనెలా మీ నాన్నగారి ఖాతా నుంచి చందా పోతూ ఉంటుంది.

ఈ ఏర్పాటు ఎలా పుట్టింది? ఎలా పనిచేస్తుంది? ఎవరికి లాభం? ఈ మూడు ప్రశ్నలనూ ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం. మూడోదాని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను. మీ డబ్బు, మీ మోకాళ్లు రెండూ దానితో ముడిపడి ఉన్నాయి.

రేడియో నాటి నుంచి

దూరంగా ఉన్న గురువు చేత వ్యాయామం చేయించుకోవడం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ అనే జీవిత బీమా సంస్థ 1925లో రేడియో ద్వారా ఉదయపు వ్యాయామాలు ప్రసారం చేయించింది. అది చూసి జపాన్‌లో 1928లో 'రేడియో తైసో' మొదలైంది. దాని వెనుక ఉన్నదీ తపాలా శాఖ నడిపే జీవిత బీమా విభాగమే. బీమా వాళ్లకు మన కసరత్తు మీద అంత శ్రద్ధ ఎందుకు? పాలసీ తీసుకున్న మనిషి ఎంత ఎక్కువకాలం బతికితే సంస్థకు అంత లాభం. వింటున్నవారు నిజంగా చేతులు కాళ్లు ఆడించాలని ప్రసారానికి డబ్బు పెట్టినవారు మనస్ఫూర్తిగా కోరుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

తరువాత టెలివిజన్ వచ్చింది. జాక్ లలేన్ అనే వ్యాయామ శిక్షకుడు 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక స్థానిక కేంద్రం నుంచి కార్యక్రమం ప్రారంభించారు. అది 1985 దాకా సాగింది. ఆయన పరికరాలు ఏమిటంటే ఒక కుర్చీ, ఒక తువ్వాలు. ఇంట్లో ఉన్న గృహిణికి అంతకుమించి అవసరం లేదని ఆయన లెక్క. మన దూరదర్శన్‌లో ధీరేంద్ర బ్రహ్మచారి యోగాభ్యాసం నేర్పిన రోజులు మీ తాతగారికి, అమ్మమ్మగారికి గుర్తుండే ఉంటాయి, అడిగి చూడండి. 1982లో నటి జేన్ ఫోండా వ్యాయామ వీడియో క్యాసెట్ వచ్చింది. ధర దాదాపు 60 డాలర్లు. ఒకసారి కొంటే చాలు, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. అప్పట్లో అమెరికాలో చాలామంది వీసీఆర్ కొనడానికి ఆ క్యాసెట్టే కారణమని చెబుతారు.

రేడియోకు బీమా సంస్థ, టెలివిజన్‌కు ప్రకటనదారు, క్యాసెట్‌కు కొన్నవారు ఒక్కసారి డబ్బు చెల్లించారు. ఆన్‌లైన్ తరగతితో చెల్లింపు నెలవారీ చందాగా మారింది. పత్రికకు కట్టే చందా లాంటిదే, కాని ఒక తేడా ఉంది. పత్రిక చదవకపోయినా అటక మీద పేరుకుంటుంది, కళ్లకు కనిపిస్తుంది. చేయని వ్యాయామం ఎక్కడా పేరుకోదు, నడుము చుట్టూ తప్ప!

ఒక సైకిలు కథ

ఈ వ్యాపారానికి అందరూ చెప్పుకొనే ఉదాహరణ పెలోటన్. 2012లో న్యూయార్క్‌లో స్థాపించిన సంస్థ ఇది. సైకిలు పందెంలో ఒకరి వెనుక ఒకరు గుంపుగా సాగే పోటీదారుల సమూహాన్ని ఫ్రెంచి భాషలో పెలోటన్ అంటారు. వీరు దాదాపు 2000 డాలర్లకు కదలని సైకిలు ఒకటి అమ్మారు. దాని ముందు పెద్ద తెర ఉంటుంది. స్టూడియోలో శిక్షకుడు తొక్కుతూ పాఠం చెబుతుంటే, ఇళ్లలో ఉన్నవారు తమ సైకిళ్ల మీద తొక్కుతారు. ఎవరు ఎంత బలంగా తొక్కుతున్నారో తెర పక్కన వరుసలో కనిపిస్తుంది. సైకిలు కొన్నాక కూడా అప్పట్లో నెలకు 39 డాలర్ల చందా వేరే కట్టవలసి వచ్చేది.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా జిమ్‌లు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో పెలోటన్ ప్రత్యక్ష తరగతి ఒక్కదానికే 23 వేల మందికి పైగా హాజరయ్యారు. 2020 జూన్ నాటికి సుమారు 11 లక్షలున్న చందాదారులు ఏడాదిలో 23 లక్షలు దాటారు. ఈ వేగం ఎప్పటికీ ఇలాగే ఉంటుందని సంస్థ నమ్మింది. జిమ్‌లు తిరిగి తెరుచుకున్నాక కొత్తగా సైకిళ్లు కొనేవారు తగ్గారు. 2021 మే నెలలో, ఒక పసివాడి మరణం తరువాత, సుమారు లక్షా పాతికవేల ట్రెడ్‌మిల్లులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో 2800 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. స్థాపకుడు ముఖ్య నిర్వహణాధికారి పదవి నుంచి తప్పుకున్నారు.

ఇందులో మనం గమనించవలసింది సంస్థ పతనం కాదు. వాణిజ్యశాస్త్రం చదివేవారు ఈ వ్యాపారపు లెక్క చూడండి. ఒక గదిలో ఇరవై మందికి పాఠం చెప్పే శిక్షకుడికి, గదికి, దీపాలకు కలిపి తరగతికి రెండు వేల రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. తలకు వంద రూపాయలు. అదే తరగతిని ఇంటర్నెట్‌లో రెండు వేల మందికి చూపిస్తే తలకు ఒక రూపాయి. ఇంకొక వెయ్యి మంది చేరితే సంస్థకు అదనంగా పెరిగే ఖర్చు బహు స్వల్పం. స్థిర వ్యయం ఎక్కువ, అదనపు వినియోగదారుడి మీద ఖర్చు దాదాపు శూన్యం. అందుకే ఇలాంటి సంస్థలు మొదటి నెల ఉచితమంటాయి, స్నేహితుణ్ణి చేర్పిస్తే బహుమతి ఇస్తామంటాయి.

మన దేశంలో 2016లో బెంగళూరులో మొదలైన క్యూర్‌ఫిట్ సంస్థ, దాని 'కల్ట్' వ్యాయామశాలలు మీకు తెలిసే ఉంటాయి. లాక్‌డౌన్‌లో అవి కూడా తరగతులను తెర మీదికి తెచ్చాయి. ఇంకొక పద్ధతీ అప్పుడే వేళ్లూనుకుంది. పెద్ద సంస్థ ఏదీ లేకుండా, ఒక యోగా టీచరు పది పదిహేను మందిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి నేర్పడం. వాట్సాప్‌లో ఒక గ్రూపు, యూపీఐలో ఫీజు, అంతే. హైదరాబాదులో ఉదయం ఆరు గంటలకు పాఠం చెబితే టెక్సాస్‌లో అది వేసవిలో ముందురోజు రాత్రి ఏడున్నర. అక్కడి తెలుగువారు ఉద్యోగం నుంచి వచ్చి చాప పరుచుకునే వేళ. మాతృభాషలో 'ఊపిరి వదలండి' అని వినిపిస్తే కలిగే హాయి అంకెల్లో చెప్పలేం.

తెర వెనుక సాంకేతికత

తరగతి మీ ఫోనుకు ఒకే ప్రవాహంగా రాదు. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కొక్క ముక్కనూ మూడు నాలుగు నాణ్యతల్లో తయారుచేసి ఉంచుతారు. మీ ఫోను తనకు అందుతున్న సిగ్నలును బట్టి తరువాతి ముక్క ఏ నాణ్యతలో కావాలో అడుగుతుంది. పక్కగదిలో తమ్ముడు సినిమా పెట్టగానే మీ శిక్షకుడి ముఖం మసకబారేది ఇందుకే. బొమ్మ ఆగిపోకుండా మసకబారడం ఒక విధంగా మేలే.

దీనివల్ల ప్రత్యక్ష ప్రసారం కూడా కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఒకవైపు పాఠానికి ఆ ఆలస్యం అడ్డు కాదు. కాని 'టీచర్, ఇలాగేనా?' అని మీరు అడిగి జవాబు రావాలంటే కుదరదు. వీడియో కాల్ తరగతులు అందుకోసం వేరే పద్ధతి వాడతాయి. అందులో ముక్కలు పోగుచేసి దాచుకోవడం తక్కువ, ఆలస్యమూ తక్కువ, బొమ్మ తెగిపోయే అవకాశం మాత్రం ఎక్కువ.

డేటా లెక్క మీరే కట్టవచ్చు. ఒక మోస్తరు నాణ్యతకు సెకనుకు 1.5 మెగాబిట్లు అనుకోండి. అరగంటకు 1800 సెకన్లు, అంటే 2700 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సుమారు 340 మెగాబైట్లు. నెలకు 25 రోజులు చేస్తే ఎనిమిది గిగాబైట్లు దాటుతుంది. చందా మాత్రమే ఖర్చనుకోవద్దు.

చేతికి కట్టే పట్టీల సంగతి కూడా చెప్పాలి. వాటి అడుగున ఆకుపచ్చ కాంతి మిణుకుమంటూ ఉంటుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగివచ్చే కాంతి కూడా తగ్గి పెరుగుతుంది. దాన్నిబట్టి నాడి లెక్కిస్తారు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు రకాల పట్టీలను పరీక్షించారు. ఆరు పట్టీలు నాడిని అయిదు శాతం లోపు తేడాతో చూపించాయి. ఖర్చైన కేలరీల విషయంలో మాత్రం అన్నింటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. చివరిది 93 శాతం తప్పింది! 'ఈ తరగతిలో మీరు 400 కేలరీలు కరిగించారు' అని తెర మీద కనబడితే, దాన్ని నమ్మి రెండు మైసూర్‌పాక్‌లు అదనంగా తినకండి.

ఒంటరిగా కంటే నలుగురితో

తెరలో కనిపించే వరుస జాబితాలు, పేరు పెట్టి పిలిచే శిక్షకులు ఉత్త హంగు కాదు. 1920లలో జర్మన్ మనస్తత్వవేత్త ఒట్టో కోహ్లర్ బెర్లిన్‌లో పడవ పందేల సంఘం సభ్యులతో బరువులు ఎత్తించి చూశారు. ఒంటరిగా ఎత్తినప్పటికంటే, జతగా ఒకే కడ్డీ పట్టుకుని ఎత్తినప్పుడు ఇద్దరిలో బలహీనుడు ఎక్కువసేపు నిలిచాడు. 'నేను వదిలేస్తే అందరిదీ ఆగిపోతుంది' అన్న భావం అతణ్ణి నిలబెట్టింది. దీన్ని కోహ్లర్ ప్రభావం అంటారు.

2020 మార్చి 24న బ్రిటన్‌లో జో విక్స్ అనే శిక్షకుడు యూట్యూబ్‌లో పిల్లలకు ఉచితంగా చేయించిన తరగతిని ఒకేసారి 9,55,185 ఇళ్లు చూశాయి. అది గిన్నిస్ రికార్డు. బడి మూతపడి ఇంట్లో చిక్కుకున్న పిల్లలకు 'ఇప్పుడు అందరూ చేస్తున్నారు' అన్న భావన ఎంత అవసరమో ఆ అంకె చెబుతుంది. అందులో చందా లేదన్నది కూడా గమనించండి.

ఎవరికి లాభం?

ఇప్పుడు బీమా సంస్థ దగ్గరకు మళ్లీ వద్దాం. ఆ సంస్థకు మీరు వ్యాయామం చేస్తేనే లాభం. చందా తీసుకునే సంస్థకు మీరు డబ్బు కడితే చాలు. చేస్తున్నారా లేదా అన్నది రెండో మాట. న్యాయంగా చెప్పాలంటే, అసలు చేయనివారు ఒకనాటికి చందా మానేస్తారు కనుక, మీరు చేస్తూ ఉండాలనే సంస్థ కూడా ఆశిస్తుంది. కాని చేయడం మానేసిన రోజుకూ చందా మానేసిన రోజుకూ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో వచ్చేది దాదాపు ఖర్చు లేని ఆదాయం.

ఇది నా అనుమానం కాదు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌లకు చెందిన 7,752 మంది సభ్యుల హాజరును మూడేళ్లపాటు పరిశీలించి 2006లో పరిశోధనా పత్రం ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవారు సగటున నెలకు 4.3 సార్లే వచ్చారు. అంటే ఒక్కసారి రావడానికి 17 డాలర్లకు పైగా పడింది. అదే జిమ్‌లో విడిగా పది సార్ల టికెట్టు కొంటే సారికి 10 డాలర్లే! చివరిసారి వచ్చిన తరువాత సభ్యత్వం రద్దు చేసుకోవడానికి వారికి సగటున రెండు నెలలకు పైగా పట్టింది. వీళ్లు తెలివితక్కువవారు కారు. 'వచ్చే నెల నుంచి తప్పకుండా వస్తాను' అని తమ మీద తాము ఎక్కువ నమ్మకం పెట్టుకున్నవారు.

అది నిజమైన తలుపులున్న జిమ్ సంగతి. ఇంట్లో తరగతికి బస్సు ఎక్కనక్కరలేదు, బూట్లు వేసుకోనక్కరలేదు. వెళ్లడం తేలికైనప్పుడు మానడం కూడా అంతే తేలిక. నా సంగతే చెబుతాను. 2021లో ఒక సంస్థకు ఏడాది చందా ఒకేసారి కట్టాను. నెలకింత అని చూస్తే చవకగా కనిపించింది. మొత్తం ఏడాదిలో నేను చేసినవి పదహారు తరగతులు. చందాను పదహారుతో భాగించాక వచ్చిన అంకె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మన దేశంలో ఈ విషయంలో కొన్ని రక్షణలున్నాయి. వాటిని తెలుసుకోవడం మీ హక్కు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, 2021 అక్టోబరు 1 నుంచి, కార్డు ద్వారా గాని యూపీఐ ద్వారా గాని తనంతట తాను కోసుకునే చందా విషయంలో కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. మొదట అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ ఉండాలి. ఆ అనుమతిని మీరు ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. యూపీఐ యాప్‌లో 'ఆటోపే' అన్న చోట ఈ అనుమతుల జాబితా ఉంటుంది. ఇంట్లో పెద్దవారి ఫోను తీసుకుని ఒకసారి చూడండి, మరిచిపోయినవి ఒకటో రెండో బయటపడతాయి.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మోసపూరిత రూపకల్పనలను నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. వాటిలో ఒకటి 'చందా ఉచ్చు'. రద్దు చేసుకునే దారిని దాచడం, లేదా అంతులేని మెట్ల గుండా నడిపించడం, ఉచిత సభ్యత్వానికి కూడా బలవంతంగా చెల్లింపు వివరాలు అడగడం దాని కిందికి వస్తాయి. ఇలాంటిది ఎదురైతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు. కనుక చేరే పని పెద్దల పేరుతోనే, వారికి తెలిసే జరగాలి.

శరీరం మాట

శిక్షకుడు మిమ్మల్ని చూడలేకపోవడమే ఈ పద్ధతిలో పెద్ద లోపం. బస్కీ తీసేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకుంటే తాలింఖానా గురువు ఆపేవారు. రికార్డు చేసిన వీడియో ఆపదు, 'శభాష్, ఇంకో పది' అంటుంది. కొన్ని యాప్‌లు కెమెరాతో మీ భుజం, నడుము, మోకాలు ఎక్కడున్నాయో గుర్తించి లెక్కిస్తాయి. అవి ఎన్నిసార్లు చేశారో చెప్పినంత బాగా, ఎలా చేశారో చెప్పలేవు. పైగా ఇంట్లో కెమెరా తెరిచి ఉంచడమంటే ఆ బొమ్మ ఎక్కడికి పోతోందో ముందు అడిగి తెలుసుకోవాలి. అందుకే మొదటి నెల అయినా, మిమ్మల్ని చూసి సరిచేసే చిన్న తరగతిలోనో, మీ కాలేజీ వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గరో నేర్చుకుని, తరువాత వీడియోకు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. అద్దం ఉంటే దాని ముందు చేయండి.

నున్నటి టైల్స్ మీద మేజోళ్లతో గెంతవద్దు. అపార్ట్‌మెంటులో ఉంటే కింది ఇంటివారి కప్పు మీ నేల అని మరువకండి. తీవ్రత ఎంత ఉండాలో తెలుసుకోవడానికి పట్టీ అక్కరలేదు. చేస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థం. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం. ఉబ్బసం, గుండె జబ్బు వంటివి ఉన్నవారు, వ్యాయామంలో ఛాతీ నొప్పి గాని కళ్లు తిరగడం గాని అనుభవించినవారు వైద్యుడితో మాట్లాడాకే మొదలుపెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలి. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. 2024లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 2022 నాటికి వయోజనుల్లో దాదాపు సగం మంది ఈ మాత్రం కూడా చేయడం లేదు. పురుషులకంటే స్త్రీలలో ఈ లోటు బాగా ఎక్కువ. కారణాలు మీకు తెలుసు. పొద్దున్నే మైదానానికి వెళ్లే అబ్బాయిని ఎవరూ ఏమీ అడగరు. అమ్మాయి వెళ్లాలంటే తోడు ఎవరు, దుస్తులు ఏవి, వంట ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. అలాంటి ఇంట్లో తలుపు వేసుకుని చేసే అరగంట తరగతి చిన్న విషయం కాదు. దాన్ని డబ్బున్నవారి సరదా అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. మైదానం లేని లోటును అది తీరుస్తుందని చెప్పేవారితో కూడా ఏకీభవించను.

చందా ఏదీ కట్టకుండానే ఆరోగ్యం కాపాడుకున్నవారి గురించి వైద్యశాస్త్రంలో ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉంది. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశారు. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. ఒకే సంస్థ, ఒకే బస్సు, తేడా ఆ మెట్లే.

ఇక మీకొక పని. మీ ఇంట్లో గాని బంధువుల ఇంట్లో గాని ఇలాంటి చందా ఉంటే, గత మూడు నెలల్లో నిజంగా చేసిన తరగతులు ఎన్నో యాప్‌లోనే ఉంటుంది, చూడండి. కట్టిన సొమ్మును ఆ అంకెతో భాగించండి. కొత్తగా చేరదలిస్తే, డబ్బు కట్టేముందే రద్దు చేసుకునే మీట ఎక్కడుందో వెతికి, ఎన్ని నొక్కుల్లో దొరికిందో పక్కన రాసుకోండి.